తెప్ప కంటే ముందు కాటా: మత్స్యకార పల్లెలో కలిసికట్టుగా సముద్రపు నాచు సాగు ఎలా చేయాలి?

శిక్షణ శిబిరానికి వెళ్తే మొదటి రోజే వెదురు బొంగులు, తాడు చేతిలో పెడతారు. నాలుగు బొంగులు చదరంగా బిగించి, తాళ్లకు నాచు ముక్కలు కట్టి, నీళ్లలోకి తోసేస్తే శిబిరం అయిపోతుంది, ఫోటోలూ అయిపోతాయి. వల అల్లిన చేతులకు తెప్ప కట్టడం ఒక పూట పని. తలనొప్పులన్నీ ఆ తర్వాత ఒడ్డు మీద మొదలవుతాయి. తీసిన నాచు ఎక్కడ ఆరబెట్టాలి? ఆరిందని ఎవరు తేల్చాలి? ఎవరి కాటా మీద తూయాలి? తుపానుకు విత్తనం కొట్టుకుపోతే మళ్లీ ఎక్కణ్నుంచి తేవాలి? ఒక్కో కుటుంబం విడివిడిగా వీటికి దారి వెతుక్కోలేదు. అందుకే ఇక్కడ తెప్ప కట్టడం ఆరో అడుగుగా వస్తుంది. డ్వాక్రా సంఘం లీడర్లు, మత్స్యకార సహకార సంఘం కార్యదర్శులు, తీరప్రాంతంలో పనిచేసే కార్యకర్తలు దీన్ని దగ్గర పెట్టుకుని చదువుకోవచ్చు.

ముందు పంట సంగతి. మన దేశంలో సాగు చేసే ప్రధాన రకం కప్పాఫైకస్ అల్వారెజీ. ఇది మన నీళ్లలో పుట్టిన మొక్క కాదు, ఫిలిప్పీన్స్‌ది. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మాక్స్‌వెల్ డోటీ 1960ల నుంచి అక్కడి వాళ్లతో కలిసి దీన్ని సాగు పంటగా తీర్చిదిద్దారు. జాతి పేరులో ఉన్న అల్వారెజ్ ఆయనతో పనిచేసిన విసెంటే అల్వారెజ్. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1984లో దీన్ని గుజరాత్ తీరానికి తెచ్చింది. తర్వాత తమిళనాడులోని మండపంలో సాగు పద్ధతి కుదిరింది. 2000 తర్వాత పెప్సికో రంగంలోకి దిగింది, 2008లో ఆ వ్యాపారం అక్వాగ్రి అనే కంపెనీ చేతికి వెళ్లింది. మండపం, పాంబన్, రామేశ్వరం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు బ్యాంకు రుణాలతో సంఘాలు కట్టి తెప్పలు దించారు. ఈ పంటలో మన దేశానికి ఉన్న అనుభవం చాలావరకు ఆ ఒక్క రామనాథపురం జిల్లాదే. మంచీ చెడూ రెండూ అక్కడే కనిపిస్తాయి.

ఎండిన నాచు నుంచి క్యారాజినన్ అనే చిక్కదనాన్నిచ్చే పదార్థం తీస్తారు. ఐస్‌క్రీమ్, చాక్లెట్ పాలు, టూత్‌పేస్ట్ వంటి వాటిలో అది పడుతుంది. పచ్చి నాచును పిండితే వచ్చే రసం పైర్లకు పిచికారీ మందు. వరికో మిర్చికో ఇఫ్కో సాగరిక సీసా కొట్టిన తెలుగు రైతు తెలియకుండానే ఈ గొలుసు చివర నిలబడ్డాడు.

మొదటి అడుగు: కొనేవాళ్లను వెతకండి

విత్తనం ముక్క కూడా కొనకముందే ఇద్దరు కొనుగోలుదారులతో మాట్లాడండి. ఒక్కరు చాలరు. మండపం పల్లెలు చాలాకాలం ఒకే కంపెనీకి అమ్మాయి. విత్తనమూ శిక్షణా ధరా అన్నీ ఒకే వైపు నుంచి వచ్చాయి. మొదట్లో అది సాయమే, ఆ కంపెనీ లేకపోతే సాగే నిలబడేది కాదు. కానీ ధర మీద బేరం ఆడే బలం మాత్రం ఊరికి మిగలదు. సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న మరపడవ యజమాని చేప ధర అడగలేడు కదా, ఇదీ అంతే.

కొనేవాళ్లను అడగాల్సినవి నాలుగు. ఏ రకం కావాలి? తేమ ఎంత శాతం వరకు ఒప్పుకుంటారు? ఒకేసారి కనీసం ఎంత సరుకు కావాలి? లారీ ఖర్చు ఎవరిది? వీటికి జవాబు కాగితం మీద తీసుకోండి, వాట్సాప్‌లో రాసి పంపినా సరే.

మూడో ప్రశ్నే మీ సంఘం ఎంత పెద్దదిగా ఉండాలో చెబుతుంది. లెక్క చూడండి. పన్నెండడుగుల చదరపు తెప్పకు 60 కిలోల విత్తనం కడతారు. 45 రోజులకు, అన్నీ కుదిరితే, 260 కిలోల దాకా వస్తుంది. అందులో 60 కిలోలు మళ్లీ విత్తనానికి పోతుంది. మిగిలిన 200 కిలోలు ఆరితే సుమారు 20 కిలోలు. మండపంలో కుదిరిన పద్ధతి ఏమిటంటే మనిషికి 45 తెప్పలు, రోజుకొక తెప్ప చొప్పున తీసి మళ్లీ నాటడం. ఐదుగురి సంఘమైతే 225 తెప్పలు, 45 రోజులకు నాలుగున్నర టన్నుల ఎండు సరుకు. కంపెనీ తొమ్మిది టన్నుల లారీ నిండితేనే వస్తానంటే, ఒక్క సంఘానికి మూడు నెలలు పడుతుంది. మూడు నెలలు గోదాములో ఉంచితే తేమ పడుతుంది, అప్పు వడ్డీ నడుస్తుంది. రెండు సంఘాలు కలిస్తే నెలన్నర. పక్క ఊరినీ కలుపుకుంటే ఇంకా తక్కువ. చేతులు కలపడం ఆదర్శం కోసం అనుకునేవాళ్లకు ఈ లారీ లెక్క చూపించండి.

ఇక్కడ చెప్పినవి మంచి పంట అంకెలు. మీ కాగితం మీద మూడో వంతు తగ్గించి రాసుకోండి.

రెండో అడుగు: నీళ్లు ఎవరివి, ఎలాంటివి

సముద్రానికి పట్టా లేదు గానీ ప్రతి గజానికీ వాడకందారు ఉంటాడు. అలివి వల లాగేవాళ్లు, పీతల వల వేసేవాళ్లు, పడవ లంగరేసే చోటు, వేటకు వెళ్లే దారి. ముందుగా కులపెద్దల దగ్గర కూర్చోండి. సంఘంలో ఆడవాళ్లే ఉన్నా సరే, ఆ మాట వాళ్ల నోటి నుంచే పెద్దల ముందుకు రావాలి. భర్తల చేత చెప్పిస్తే రేపు తెప్పలు కూడా భర్తల పేరు మీదే లెక్కకొస్తాయి. ఏ గుర్తు నుంచి ఏ గుర్తు వరకు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, పడవల దారి ఎంత వెడల్పు వదలాలి, వల చిక్కుకుని తెగితే నష్టం ఎవరిది, ఇవన్నీ రాసి అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఆ కాగితం నకలుతో మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లండి.

తర్వాత చట్టం. ఈ మొక్క బయటిది కాబట్టి ఎక్కడంటే అక్కడ దించకూడదు. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర ఇది సాగు నుంచి జారి పగడాల మీదికి ఎక్కిందని 2008లో పరిశోధకులు రాశారు. అంతకుముందే, 2005 డిసెంబరులో, తమిళనాడు ప్రభుత్వం ఈ రకం సాగును పాక్ జలసంధి ఉత్తర భాగానికి, తూత్తుకుడికి దక్షిణాన ఉన్న తీరానికి పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మైదానాలు, అభయారణ్యాలు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు ఉన్నచోట ఈ సాగు ఆలోచనే వద్దు. గడ్డి మీద తెప్పల నీడ పడినా గడ్డి పోతుంది, గడ్డి పోతే చేప పిల్ల పోతుంది.

మన ఆంధ్ర తీరానికి వస్తే ఆశ కొంచెం అదుపులో పెట్టుకోవాలి. పాక్ జలసంధికి శ్రీలంక అడ్డుగోడ ఉంది, లోతు తక్కువ. మనది తెరిచిన బంగాళాఖాతం, అల నేరుగా వచ్చి కొడుతుంది. వానాకాలంలో గోదావరి, కృష్ణ వరదనీరు ముఖద్వారాల దగ్గర ఉప్పుదనాన్ని పడగొడుతుంది. కప్పాఫైకస్ ఆ తీపినీటిని తట్టుకోలేదు. దానికి చిక్కటి ఉప్పునీరు, 25 నుంచి 30 డిగ్రీల వేడి, కదిలే నీరు కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం ఉండనే ఉంది. కాకినాడ తీరంలో హోప్ ఐలాండ్ చాటు ఉంది, కానీ పక్కనే కోరింగ అభయారణ్యం, ఓడరేవు దారి, గోదావరి నీరు. పులికాట్ సరస్సు లాంటి ఉప్పుటేరులకు తక్కువ ఉప్పును ఓర్చుకునే గ్రాసిలేరియా రకం నప్పుతుంది, దాన్నుంచి అగర్ తీస్తారు. అక్కడా పక్షుల అభయారణ్యం నిబంధనలు ఉంటాయి. ఏ ఊరికి ఏది అన్నది ఎవరూ హైదరాబాద్‌లో కూర్చుని చెప్పలేరు. నీళ్లే చెప్పాలి, దానికే మూడో అడుగు.

మూడో అడుగు: ఒక్క తాడు, నలభై ఐదు రోజులు

పెట్టుబడి పెట్టకముందు ఓ చిన్న పరీక్ష. అనుమతి తీసుకుని, ఒకటి రెండు తెప్పలో కొన్ని తాళ్లో నాలుగైదు చోట్ల దించండి. ప్రతి చోటా పది ముక్కలకు రంగుదారం గుర్తు కట్టి, ఒక్కోటి 150 గ్రాములు తూచి పెట్టండి. పదిహేను రోజులకొకసారి అవే ముక్కలు తూయండి. పంట బాగా సాగుతుంటే 15వ రోజుకు సుమారు 240 గ్రాములు, 30వ రోజుకు 400, 45వ రోజుకు 650 దాకా రావాలి. 30వ రోజుకు 250 దగ్గరే ఆగిపోతే ఆ చోటు వదిలేయండి, ఎవరెంత నచ్చజెప్పినా సరే.

ఒక్క కాలంలో చేసిన పరీక్ష చాలదు. ఫిబ్రవరిలో బ్రహ్మాండంగా పెరిగిన చోటే మే నెల ఎండకు తెల్లబడొచ్చు, ఆగస్టు వరదనీటికి కుళ్లొచ్చు. వీలైతే ఏడాదిలో మూడు సార్లు చేయండి. అధికారులు తొందరపెడతారు, ఆర్థిక సంవత్సరం వాళ్లకు మార్చిలో ముగుస్తుంది. మీ సముద్రానికి ముగియదు.

నాలుగో అడుగు: ఏది ఉమ్మడి, ఏది ఎవరిది వాళ్లదే

చాలా సంఘాలు ఇక్కడే బోల్తా పడతాయి. అన్నీ ఉమ్మడి అంటే ఎవరి తెప్పనూ ఎవరూ దులపరు. ఏదీ ఉమ్మడి కాదంటే లారీ నిండదు. నా అభిప్రాయం ఇది: తెప్పలు ఎవరివి వాళ్లవే ఉండాలి, నంబరు వేసి. విత్తనపు తెప్పలు, ఆరబెట్టే అరుగు, కాటా, గోదాము, అమ్మకం, ఈ ఐదూ సంఘానివి. నీళ్లలో ఉన్నంతసేపు ఎవరి కష్టం వాళ్లది. ఒడ్డుకెక్కిన క్షణం నుంచి సరుకు అందరిది, లెక్క మాత్రం ఎవరిది వాళ్లది.

ఐదుగురితో మొదలుపెట్టండి. మండపంలో బ్యాంకు రుణాలకూ అదే కొలత కుదిరింది. అందరూ నీళ్లలోకి దిగేవాళ్లే కానక్కర్లేదు. విత్తనం కట్టే పని ఒడ్డున నీడలో కూర్చుని చేసేది, ముసలమ్మలు కూడా చేయగలరు. ఆ పనికి తాడుకింత అని కూలి కట్టండి, ఉచిత సేవగా రాయించుకోకండి. పడవ ఉన్న కుటుంబం ఒకటి సంఘంలో ఉంటే మంచిది, అయితే పడవకు అద్దె రేటు ముందే తేల్చుకోండి.

పల్లె తనంతట తాను కట్టుబాటు పెట్టుకోగలదా అని అనుమానించేవాళ్లు పాంబన్ దగ్గరి ఆడవాళ్లను చూడాలి. వాళ్లు సాగు చేసేవాళ్లు కారు, దీవుల చుట్టూ మునిగి అడవి నాచు ఏరేవాళ్లు. ఆ దీవులు జాతీయ పార్కు కిందికి వచ్చాక అటవీశాఖతో తగువులు పడి, చివరికి సంఘం కట్టుకుని, నెలలో ఏరే రోజులకు తామే హద్దు పెట్టుకున్నారు. వాళ్లలో చిన్నపాలెంకు చెందిన లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ పురస్కారం వచ్చింది.

డబ్బు సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక్కో తెప్పకు యూనిట్ ఖర్చు 1,500 రూపాయలుగా లెక్కగట్టారు; అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సాయం. 45 తెప్పలకు 67,500 రూపాయలైతే మహిళకు సాయం 40,500, సొంత వాటా 27,000. బజారులో వెదురు, తాడు ధర అంతకు మించితే ఆ తేడా కూడా మీదే. సాయం చేతికి రావడం ఆలస్యమైనా పని ఆగకుండా సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం మంజూరు చేయించుకునే ముందుకు కదలండి. పథకం ఇప్పుడు ఏ దశలో ఉందో, దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖలో అడిగి తెలుసుకోండి. అదే పథకం కింద ఉన్న ప్రమాద బీమా జాబితాలో మీ వాళ్ల పేర్లు ఎక్కాయో లేదో అప్పుడే చూసుకోండి.

ఐదో అడుగు: ఒడ్డు సిద్ధం చేయండి

తెప్ప నీళ్లలోకి దిగేనాటికి అరుగు తయారుగా ఉండాలి. రోజూ ఐదు తెప్పలు తీస్తే వెయ్యి కిలోల పచ్చి నాచు ఒడ్డుకు వస్తుంది. అది ఆరడానికి మంచి ఎండలో రెండు మూడు రోజులు. అంటే ఏ రోజు చూసినా మూడు వేల కిలోల పచ్చి సరుకు పరిచి ఉంటుంది. ఇసుక మీద పరిస్తే ఇసుకంతా అంటుకుంటుంది. ఆ ఇసుకను కొనేవాడు బరువులోంచి కొట్టేస్తాడు, పైగా నమ్మకం పోతుంది. ఎండు చేపలకు వాడే సిమెంటు అరుగు మీద అయితే చేప వాసన, పొలుసు. వేరే అరుగు ఉండాలి. నేల నుంచి నడుము ఎత్తున వెదురు మంచెలు కట్టి పైన వల పరిస్తే గాలి కింద నుంచి కూడా తగులుతుంది, కుక్కలు ఎక్కవు, నడుము వంచనక్కర్లేదు.

పక్కనే మందపాటి టార్పాలిన్ మడిచి పెట్టుకోండి. సగం ఆరిన నాచు మీద వాన పడితే లోపలి లవణాలు కారిపోతాయి, సరుకు నాణ్యత దిగుతుంది, మళ్లీ ఎండబెట్టినా పాత ధర రాదు. శుభ్రంగా కనబడాలని మంచినీళ్లతో కడగడం కూడా ఇలాంటిదే, చేయొద్దు. కడగాలంటే తెప్ప దగ్గరే సముద్రపు నీళ్లలో జాడించి తీసుకురండి. పైన తేలిన తెల్లటి ఉప్పును ఆరాక దులిపేయండి.

కాటా గురించి. ఎలక్ట్రానిక్ కాటా, వంద కిలోలు తూగేది, తూనికల శాఖ ముద్ర ఉన్నది ఒకటి సంఘం పేరు మీద కొనండి. ఇది ఖర్చులో చిన్నది, పలుకుబడిలో పెద్దది. కంపెనీ కాటా మీద తూచినా సరే, ముందు మీ కాటా మీద తూచి, ప్రతి సంచి మీదా బరువు రాసి పెట్టండి. గోదాములో నేల మీద చెక్క పలకలు వేసి సంచులు పేర్చండి. యూరియా సంచులు, పురుగుమందు పెట్టెలు ఉన్న గదిలో వద్దు. ఇది మనుషుల తిండిలోకి పోయే సరుకు.

ఆరో అడుగు: తెప్ప

మూడు నాలుగు అంగుళాల లావు వెదురు బొంగులు నాలుగు, పన్నెండడుగుల చొప్పున, చదరంగా కట్టండి. మూలలకు నాలుగడుగుల అడ్డబొంగులు బిగిస్తే చదరం వంకర పోదు. నడుమ ఇరవై తాళ్లు. ఒక్కో తాడుకు ఇరవై ముక్కలు, ముక్క 150 గ్రాములు. కింద పాత వల ఒకటి బిగించండి, నాచు తినే చేపలకూ తాబేళ్లకూ అడ్డు, తెగిన ముక్కలు కొట్టుకుపోకుండా ఆసరా. పది తెప్పలు వరసగా కలిపి అయిదు పళ్ల ఇనుప లంగరు వేస్తారు. ముక్కలు కట్టడానికి సన్నటి ప్లాస్టిక్ పట్టీలు చీల్చి వాడే అలవాటు ఉంది. అవి పుటుక్కున తెగి సరుకులో కలుస్తాయి, సముద్రంలోనూ మిగులుతాయి. తాడుకు ఉచ్చులుగా శాశ్వతంగా ముడేసి పెట్టుకునే సన్నటి అల్లిక తాడు ఎన్నో కోతలు వస్తుంది.

అల ఎక్కువున్న తీరంలో వెదురు తెప్ప నిలవదు. అక్కడ గొట్టం వల పద్ధతి మేలు: గొట్టంలా అల్లిన పొడవాటి వల లోపల విత్తనం నింపి, తేలిక బుడగలతో నీళ్లలో సాగదీస్తారు. గుజరాత్ తీరంలో ఇది వాడారు. పథకంలో దీనికి వేరే యూనిట్ ఉంది, 25 మీటర్ల తాళ్లు 15, ఖర్చు 8,000 రూపాయలు. ఆంధ్ర తీరంలో పరీక్ష చేసేవాళ్లు రెండు పద్ధతులూ పక్కపక్కన వేసి చూడండి.

నీళ్లలోకి దిగే ప్రతి మనిషికీ కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, చేతి తొడుగులు సంఘం ఖర్చులో ఇవ్వండి. జెల్లీ చేప కాటు, గుల్లల కోతలు రోజువారీ సంగతులు.

ఏడో అడుగు: చూపు, విత్తనం

రెండు మూడు రోజులకోసారి తాళ్లను ఊపి మట్టి, దారపు నాచు దులపాలి. కొమ్మల మీద తెల్లటి మచ్చలు కనిపించి, అక్కడ మెత్తబడి తెగిపోతుంటే అది ఐస్-ఐస్ అనే జబ్బు. నీరు బాగా వేడెక్కినప్పుడు, ఉప్పుదనం పడిపోయినప్పుడు వస్తుంది. మందు లేదు. తెల్లబడిన కొమ్మలు తీసేసి ఒడ్డుకు తేవాలి, తెప్పలను కొంచెం లోతు నీళ్లకు జరపాలి, ముదిరితే రోజులు నిండకపోయినా కోసేయాలి. 2013లో పాక్ జలసంధిలో నీరు వేడెక్కి పంట కుప్పకూలింది, చాలా కుటుంబాలు సాగు మానేశాయి. ఆ దెబ్బ నుంచి తొందరగా లేవలేకపోవడానికి మళ్లీ నాటడానికి విత్తనం దొరక్కపోవడం ఒక కారణం.

ఈ పంట గింజ నుంచి రాదు, ముక్క నుంచి ముక్క. ఊళ్లో ఉన్నదంతా ఒకేసారి పోతే విత్తనం బయటి జిల్లా నుంచి రావాలి, అది దారిలోనే వాడిపోతుంది. కాబట్టి ప్రతి సంఘం పదింట ఒక తెప్పను విత్తనానికే వదలాలి, అవి పంట తెప్పల పక్కన కాక వేరే నీళ్లలో ఉండాలి. వీలైతే పొరుగూరి సంఘంతో మార్పిడి ఒప్పందం: వాళ్ల విత్తనం కొంత మీ దగ్గర, మీది కొంత వాళ్ల దగ్గర. వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజు మొదట ఒడ్డుకు లాగాల్సినవి విత్తనపు తెప్పలు, తర్వాతే మిగతావి. ఎవరు ఏ పడవ తీయాలో ముందే పేర్లు రాసి గోడకు అంటించండి. మంచి కొమ్మలు, లేతవి, మచ్చలేనివి విత్తనానికి ఎంచాలి. మంచిదంతా అమ్మి చెత్తను నాటితే రెండు కోతల్లో పంట చిక్కిపోతుంది.

ఒక పక్కమాట. మండపం దగ్గర మునైకాడులో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పంజరాల్లో కోబియా చేపలు పెంచి, వాటి చుట్టూ నాచు తెప్పలు వేయించింది. చేపల వ్యర్థం నాచుకు ఎరువై, విడిగా వేసిన తెప్పల కంటే రెట్టింపు పైగా దిగుబడి వచ్చింది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి, రెండు పంటలూ ఒకేసారి నేర్చుకోలేరు.

ఎనిమిదో అడుగు: కోత

45 రోజులకు తెప్పను ఒడ్డుకు లాగి, తాళ్లు విప్పి, విత్తనం ముందు ఎంచి, మిగతాది కాటాకు. ఉదయమే చేయండి, ఎండ దొరుకుతుంది. పుస్తకంలో తెప్ప నంబరు, నాటిన తేదీ, తీసిన తేదీ, పచ్చి బరువు. ఆరాక ఎండు బరువు. పచ్చి పదికి ఎండు ఒకటి దగ్గర్లో ఉండాలి. ఎవరిదైనా ఆరుకు ఒకటి వస్తే సంబరపడకండి, అది సరిగ్గా ఆరలేదు.

తొమ్మిదో అడుగు: తేమ, తరుగు, ధర

ధాన్యం అమ్మిన రైతుకు తరుగు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నాచులో అది ఇంకా తిరకాసుగా ఉంటుంది, ఎందుకంటే పూర్తిగా ఆరినా ఇది గలగలమనదు, తోలులా వంగుతుంది. చేత్తో పట్టుకుని చెప్పే తేమ ఎవరి నోటికొచ్చింది వాళ్లది. సాధారణంగా 35 శాతం తేమ దగ్గర ఒప్పందాలు జరుగుతాయి.

కొలిచే పద్ధతి: సంచుల్లో అక్కడక్కడా తీసి కలిపిన నమూనా 100 గ్రాములు తూయండి. బరువు ఇక తగ్గని దాకా పూర్తిగా ఎండబెట్టండి. దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రమో కళాశాల ప్రయోగశాలో ఉంటే అక్కడి ఒవెన్‌లో చేయిస్తే నమ్మకం. 60 గ్రాములు మిగిలితే తేమ 40 శాతం.

ఇప్పుడు న్యాయమైన తరుగు లెక్క. వెయ్యి కిలోల సరుకు 45 శాతం తేమతో ఉందనుకుందాం. అందులో అసలు పదార్థం 550 కిలోలు. ఒప్పందం 35 శాతానికి కాబట్టి, అసలు పదార్థం 65 శాతంగా ఉండే సరుకు ఎంతవుతుంది? 550ని 0.65తో భాగిస్తే 846. అంటే తీయాల్సిన తరుగు 154 కిలోలు. కొనేవాడు 250 కొట్టేస్తే దాదాపు వంద కిలోల డబ్బు ఊరు పోగొట్టుకున్నట్టే. ఇదే లెక్క రెండో వైపు కూడా పనిచేస్తుంది: 30 శాతానికి ఆరబెట్టిన వెయ్యి కిలోలు ఒప్పందం లెక్కలో 1,077 కిలోలు, ఆ 77 అడిగి తీసుకోండి. ఒప్పందంలో ఈ సూత్రాన్నే రాయించండి, తేమ ఎక్కువైతే మాత్రమే కోత అనే మాట ఒప్పుకోకండి. సంఘంలో పదో తరగతి చదివిన అమ్మాయి ఎవరైనా ఫోన్‌లో నిమిషంలో చేసేస్తుంది. ఆ పని ఆమెకే అప్పగించి, గౌరవ వేతనం ఇవ్వండి.

సభ్యుల్లో ఒకరు బాగా ఆరబెట్టి ఇంకొకరు తడి సరుకు తెస్తే? కలిపేశాక తేడా దొరకదు. అందుకే గోదాములోకి తీసుకునేటప్పుడే సంచికి సభ్యురాలి నంబరు, తేదీ, తేమ రాయాలి. తడి సంచి తీసుకోకూడదు, అది అధ్యక్షురాలి చెల్లెలిదైనా.

సరుకు తీసుకున్న రోజే సభ్యురాలికి కొంత చెల్లించండి, అంచనా ధరలో సగం పైన. లారీ డబ్బు వచ్చాక మిగతాది. ఆ తొలి చెల్లింపు లేకపోతే ఇంట్లో బియ్యం కోసం ఆమె ఆ సంచిని దళారికి అమ్మేస్తుంది, తప్పు పట్టలేం. ఇందుకు బ్యాంకు నుంచి చిన్న నగదు పరిమితి తెచ్చుకోవడం తెప్పల రుణం కంటే ముఖ్యం. అమ్మిన ప్రతి కిలో మీదా కొంత విత్తన నిధికి తీసి పక్కన వేయండి.

మనిషి ఆదాయం అంచనాకు: 45 తెప్పలు, తెప్పకు 20 కిలోలు, కోతకు 900 కిలోలు. కిలో 50 రూపాయలనుకుంటే 45,000. మూడో వంతు తగ్గిస్తే 30,000. యాభై అన్నది ఉదాహరణే, మీకు కాగితం మీద ఇచ్చిన ధర అక్కడ వేసుకోండి. ఏడాదికి ఐదు కోతలు వస్తే బాగా వచ్చినట్టు. వానాకాలపు నెలలకు వేరే పని ఉండాలి.

పదో అడుగు: పై మెట్టు, తొందర వద్దు

ఒకటి రెండేళ్లు సరుకు నికరంగా వెళ్లాక ఎవరో ఒకరు అంటారు, మనమే సబ్బులు చేద్దాం, మనమే రసం సీసాల్లో నింపుదాం అని. జాంజిబార్‌లో 1989 నుంచి నాచు సాగు ఉంది, చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ధర పడిపోవడంతో, శాస్త్రవేత్త ఫ్లవర్ మ్సూయా చొరవతో 2006లో మొదలైన ఉమ్మడి ప్రయత్నం కింద వాళ్లు నాచుపొడి సబ్బులు, క్రీములు నేర్చుకున్నారు. అక్కడి బీచ్‌కు విదేశీ పర్యాటకులు వస్తారు, సబ్బు ధర డాలర్లలో పలుకుతుంది. మన పల్లెకు ఆ బేరం లేదు, పైగా సబ్బులో పట్టేది చిటికెడు పొడి; తొమ్మిది టన్నుల సరుకు సబ్బులతో కదలదు. విశాఖ, రామేశ్వరం లాంటి పర్యాటక ఊళ్ల పక్కనున్న సంఘాలకు అదనపు రాబడిగా సరిపోతుంది.

రసం సంగతి వేరు, అందులో గిరాకీ ఉంది. కానీ 2021లో పైర్ల పెరుగుదల మందులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, నమోదు లేకుండా సీసా అమ్మడం నేరం. తిండి సరుకుగా అమ్మాలంటే ఆహార భద్రత లైసెన్సు. కాబట్టి సీసా మీద మీ పేరు కోసం ఆరాటపడకుండా, రసం తీసే కంపెనీకి పచ్చి నాచును అదే రోజు అందించే ఒప్పందం అడగండి. పచ్చి సరుకు ఇస్తే అరుగు మీద ఒత్తిడి తగ్గుతుంది, వాన రోజుల్లో కూడా కోత ఆగదు. ధర అడిగేటప్పుడు పది కిలోల పచ్చికి ఒక కిలో ఎండు అన్న లెక్కతో పాటు, మీకు మిగిలే ఆరబెట్టే కూలీ, కొనేవాళ్లకు పోయే రవాణా రెండూ వేసుకుని బేరమాడండి. అక్కడా తూకం మీ కాటా మీద, లారీ ఎక్కకముందే.